వాసన చెప్పిన సంగతి

నేను కొన్న పాత వ్యానుకు ఇంజన్ వెనక ఉంటుంది, గాలితోనే చల్లబడుతుంది. ఎక్కడ ఆపినా కింద నూనె మరక పడేది. లారీ మెకానిక్‌గా పనిచేసిన మా మేనమామకు కూడా ఆ ఇంజన్ కొత్తే. బీదర్‌లో ఆయన ఇంటి ముందే దాన్ని దించాం. ఇంజన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్టు చివర, నూనె కారకుండా ఆపే ఆయిల్ సీలు రబ్బరు ఎండిపోయి, వంచగానే విరిగింది. కొత్తదానికి నూనె రాసి, చుట్టూ మెల్లగా తట్టి నేనే కూర్చోబెట్టాను.

ఇంజన్ మళ్లీ ఎక్కించి సంతపూర్ దాకా పోయి వచ్చాం. మర్నాడు పొద్దున మళ్లీ మరక.

"సీలు వంకరగ కొట్టినట్టున్న మామా," అన్నాను దిగులుగా.

మామ మరకలో వేలు అద్ది వాసన చూశాడు. తర్వాత నా ముక్కు దగ్గర పెట్టాడు. కుళ్లిన గుడ్డులాంటి ఘాటు.

"ఇంజన్ ఆయిల్ గిట్ల వాసనొస్తదా? ఇది గేర్ ఆయిల్ రా. నీ సీలు మంచిగనే ఉంది."

ఇంజన్, గేర్‌బాక్సు కలిసేచోట ఏముందో చూడాలని నాకు ఒకటే ఆత్రం. మళ్లీ దించాం. గేర్‌బాక్సు షాఫ్టు చుట్టూ ఇంకో చిన్న సీలు, తడితడిగా కనిపించింది. అది మార్చాక నేల పొడిగా ఉంది.

"ముందే వాసన చూస్తే ఒక్కపారే దించుతుంటిమి," అని మామ చాలాసేపు నవ్వాడు.