పుండు కాలి మీద మర్యాద

బాపట్లలో నేను పాఠం చెప్పే నర్సింగ్ పిల్లలు ఏటా ఒకసారైనా అడుగుతారు, "మేడమ్, మీ రీసెర్చ్ దేనిమీదండి?" అని. షుగరు జబ్బువాళ్ళ కాలి పుళ్ళ మీద అంటాను. ముఖాలు చిట్లిస్తారు. నేను పెరిగిన ఇంట్లో వెన్ను వాల్చి కూర్చోవడమే తప్పు. ముఖం చిట్లించడం అంతకన్నా పెద్ద తప్పు.

చెరుకుపల్లి పక్కన మా తాతగారికి పొలాలుండేవి. నాకు ఊహ తెలిసేసరికి సెంటు భూమి మిగల్లేదు. తెనాలిలో అద్దె ఇంట్లో పెరిగాను. ఇంటి పేరొక్కటే వేలానికి రాలేదు.

పరిశోధన కోసం ఆ పల్లెల్లో తిరుగుతూ, ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసిన పెద్దాయన ఇంటికి వెళ్ళాను. ఆయన అరికాలి పుండు నెలలుగా మానడం లేదు. ఇంకా ముదిరితే పాదం తీసెయ్యాల్సిందేనని రేపల్లె డాక్టరు చెప్పేశారు. ఆ కాలి మీద బరువు మోపకూడదు. మందుకన్నా ముందు మాట అది.

కోడలు ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసింది. ఆయన మంచం దిగి, భుజం మీది తువ్వాలు తీసి నిలబడ్డాడు.

"కూర్చో తాతా."

"తమరి ముందా అమ్మగారూ? మా నాయనే కూకోలేదు."

"మా పొలాలు ఎప్పుడో పోయాయి."

"పోతే పోనీండి."

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. "మా ఊరి నర్సమ్మొస్తే మంచం దిగడండి. మీరొచ్చేసరికి జెండాకర్రలా నిలబడ్డాడు, చూడండి!"

నాకు సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు. అంతలో నేల వైపు చూశాను. ఆయన పాదం కింద గచ్చు తడిసింది. కట్టులోంచి రసి కారుతోంది.

కుర్చీ వదిలి నేల మీద కూర్చున్నాను. ఆయన హడలిపోయి, నాకన్నా కింద ఉండాలని గడప అవతలికి దిగబోయాడు, అదే కాలి మీద. బతిమాలితే వినే మనిషి కాదు. లేచి, పాత పాలేళ్ళు ఎదురైతే మా నాయనమ్మ మాట్లాడే గొంతుతో అన్నాను. ఆ గొంతు నాలో ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

"మంచం ఎక్కు. కాలు చాపు. దించమనేదాకా దించకు."

"చిత్తం" అని ఎక్కాడు.

కట్టు మార్చడానికి నేను పాదం ఒళ్ళో పెట్టుకుంటే ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "పాపం తగులుద్ది తల్లీ."

"తగిలితే నేను పడతాను. కదలకు."

వచ్చేముందు గుమ్మంలో ఆగి చెప్పాను, "నేనొచ్చినా, ఇంకెవరొచ్చినా ఆ కాలు దిగకూడదు. ఇది మా ఇంటి మాట."

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ కట్టు విప్పకముందే అడుగుతాను, ఎవరొస్తే లేచి నిలబడతారని. వియ్యంకుడంటారు, ఊరి పెద్దంటారు. తెనాలిలో ఒక సాయిబుగారు తనకు ఉర్దూ నేర్పిన గురువుగారి పేరు చెప్పారు. ఈ ప్రశ్న చూసి నా గైడుగారు మొదట నవ్వారు. ఇప్పుడు నవ్వడం లేదు.

పుండు పూడుతున్న రోజుల్లో పెద్దాయన ఇంటికి మళ్ళీ వెళ్ళాను. వీధిలో నా గొంతు విన్నా ఆయన మంచం మీదే ఉండిపోయాడు. కాలు చాపుకుని, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. తువ్వాలు మాత్రం భుజం మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కోడలు కుర్చీ తెచ్చింది. వద్దని, ఈసారి నేనే నిలబడి కట్టు విప్పాను.