పదకొండు మొహాల ఫ్లెక్స్

2022 జూన్‌లో ఒక మంగళవారం పొద్దున, చేవెళ్ల బస్టాండు ఎదురుగా విశ్వేశ్వర్ నడిపే ఫ్లెక్స్ షాపులో ఎనిమిదడుగుల బ్యానర్ ఒకటి మెషీన్ ఎక్కాల్సి ఉంది. దాని మీద పదకొండు నవ్వు మొహాలు, కింద పేర్లు, వెనక ఇంద్రధనుస్సు రంగుల చారలు. సర్పంచి పుట్టినరోజుకు పెట్టినట్టే.

ఆర్డరిచ్చింది శంకర్‌పల్లి వైపు యూనివర్సిటీలో చదివే సాయిదీప్. స్వలింగ ప్రేమికులైన విద్యార్థులు పెట్టుకున్న క్లబ్బట. రిబ్బను డీన్ మేడమే కత్తిరిస్తుందట. ఫొటోలు కూడానా అని విశ్వేశ్వర్ రెండుసార్లు అడిగాడు.

"ఫొటోలు లేకుంటే చేవెళ్ల ఫ్లెక్స్ ఎట్లయితదన్న? మా ఇద్దరియి నడుమ జర పెద్దగ పెట్టు" అంటూ సాయిదీప్ పక్కనున్న స్నేహితుడి భుజం మీద చెయ్యేశాడు. ఇద్దరికీ గచ్చిబౌలిలో ఉద్యోగాలు అప్పటికే వచ్చేశాయి. నవ్వుకుంటూ బస్సెక్కారు.

విశ్వేశ్వర్‌కు కడుపు మండిపోయింది. 2008లో మొయినాబాద్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో అతనూ కంప్యూటర్లే చదివాడు. ఒక జూనియర్ అబ్బాయికి రాసుకున్న ప్రేమ చీటీ దొరికితే, హాస్టల్ వాళ్లు దాన్ని మెస్ బల్ల ఎక్కి చదివారు. వార్డెనూ నవ్వాడు. మూడో ఏడు మధ్యలో పెట్టె సర్దుకుని వచ్చి, లెక్కలు తలకెక్కలేదని బాపుకు చెప్పాడు. పద్నాలుగేళ్లుగా ఊరు ఆ మాటే నమ్ముతోంది. తోటివాళ్లు ఐటీలో చేరి కార్లు కొంటే అతనెప్పుడూ ఏడవలేదు. ఈ పదకొండు నవ్వులే మింగుడు పడలేదు.

డిజైన్ చేసే సమత షాబాద్ నుంచి వస్తుంది. ఒక్క అక్షరం తప్పు పోనివ్వదు. "పిల్లలు ఆరు రంగులే పంపిన్రన్న. సింగిడికి ఏడు గద, నేనే ఒకటి కలిపిన" అంది.

స్వలింగ ప్రేమికుల జెండాకు ఆరే చారలు. ఆ జెండాలతో ఎన్నో ఊళ్లలో జరిగే ఊరేగింపులను ఫోన్‌లో దొంగచాటుగా చూసిన విశ్వేశ్వర్‌కు అది తెలుసు. అయినా ప్రింటు తియ్యమన్నాడు. డీన్ మేడం ముందు విప్పినప్పుడు ఆ ఇద్దరి మొహాలు మాడాలి. ఒక్కరోజన్నా తల దించుకోనీ.

మెషీన్ కదిలింది. ఒక అడుగు బయటికొచ్చింది. రెండో అడుగులో సాయిదీప్ నుదురు, కళ్లు. మెస్ బల్ల చుట్టూ నిలబడి నవ్వినవాళ్లలో తానూ ఒకడైనట్టు అనిపించింది.

"ఆపు సమతా. ఆరే ఉండాలె."

"నీకెట్ల తెలుసన్న?"

పిల్లలే చెప్పారంటే అక్కడితో అయిపోయేది.

"నేను చదివినప్పుడు గిట్లాంటి క్లబ్బు లేకుండె" అన్నాడు.

సమత అతని వంక చూసింది. ఏడో చార తీసేసి, ప్రింటు మళ్లీ మొదటినుంచి పెట్టింది. అతని కడుపుమంట మాత్రం చల్లారలేదు. మెషీన్ పక్కనే నిలబడి ఆ మొహాలను ఒక్కొక్కటిగా చూశాడు. బ్యానర్ పూర్తవడానికి పద్దెనిమిది నిమిషాలు పట్టింది.