నాకన్న జానెడు పొడుగు స్కీలు

నిరుడు చలికాలం మా కామారెడ్డి బామ్మర్దితో మనాలి పోయిన. కాళ్లకు కట్టుకొని మంచు అడవిలో తిరిగే స్కీ చెక్కలు కిరాయికిచ్చేటాయన నా బరువడిగి పొట్టివి చూపించిండు. పొడుగువాటికి గూడ కిరాయి అంతేనట! పైసకు పైస లెక్కజూసే ఎల్లారెడ్డి ఊరోణ్ణి, అదే ధరకు చిన్నవి తీసుకుంటనా? నాకన్న జానెడు పొడుగువి పట్టుకొచ్చిన.

"బావా, అవి స్కీలా, ఇంటి దూలాలా?" అని బామ్మర్ది ఒకటే నవ్వుడు.

వాలు మీద జారుడు మొదలైంది. ఎంత తిప్పినా స్కీలు తిరుగుతలేవు. ఎదురుంగ లోయ.

"కూసో బావా! కింద కూసో!" అని బామ్మర్ది ఏడ్పుగొంతుతో అరిచిండు.

దబ్బున వెనక్కి కూలబడ్డ. ఆగేసరికి స్కీల మొనలు గాలిల ఉన్నయి, వాటి కింద చెట్ల కొసలు కనబడుతున్నయి. బామ్మర్ది ఉరికొచ్చి చంకల్ల చేతులేసి గుంజిండు.

మాటకో ఎక్కిరింపు విసిరే ఆ బామ్మర్ది, కామారెడ్డి వచ్చేదాకా నన్ను ఒక్క మాట అనలే. చావుకు ఎంత దగ్గరికి పోయొచ్చిన్నో నాకు అప్పుడు తెలిసింది.