మా మేస్త్రీ ఇనుప ఉంగరం

మెట్టుగూడలో మాకు మోటార్లు బాగుచేసే చిన్న వర్క్‌షాపు ఉంది. నిరుడు ఒకరోజు, బలమైన అయస్కాంతాలున్న రోటరును, అంటే లోపల తిరిగే భాగాన్ని, మోటారులో బిగించాల్సి వచ్చింది. అలాంటి పని చేసేటప్పుడు ఒంటిమీద ఇనుము ఉండకూడదు. మా మేస్త్రీ యాదగిరి వేలికేమో శనిదోషం పోవాలని పెట్టుకున్న గుర్రపునాడా ఉంగరం. తియ్యమన్నాను.

"ఇది తీస్తే శని పట్టుకుంటది సార్. గింత దానికి పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. వాళ్ల నమ్మకం జోలికి మనమెందుకని ఊరుకున్నాను.

బల్లమీది రోటరు దగ్గరికి చెయ్యి పోగానే ఉంగరం టక్కున అతుక్కుంది. కంగారులో గట్టిగా లాగాడు. దాంతో రోటరు జరిగి, పక్కనే ఉన్న మోటారు బాడీకి వెళ్లి కొట్టుకుంది. మధ్యలో వేలు నలిగిపోయింది. నెత్తురూ గ్రీజూ కలిసిన ఆ ముద్దకు గుడ్డ చుట్టి ఆటో ఎక్కించాను.

ఆసుపత్రిలో సగం వేలు తీసేశారు. కట్టుతో బయటికొచ్చిన యాదగిరి తృప్తిగా అన్నాడు: "ఉంగరం ఉండబట్టి వేలుతోని పోయింది సార్. లేకుంటే పాణమే పోతుండె."

మరుసటి శనివారం మిగతా ముగ్గురు పనివాళ్లూ అవే ఉంగరాలు పెట్టుకొని పనిలోకి వచ్చారు. వాళ్లను చూస్తే రోత పుట్టింది. ఒక్కసారి చెప్పి ఊరుకున్న నన్ను తలుచుకుంటే ఇప్పటికీ అంతకన్నా ఎక్కువ రోత.