పార్కు మెట్లకు పసుపు కుంకుమ

మా అమ్మ గురించి మాట్లాడేటప్పుడు నేను కాస్త ఎక్కువే మాట్లాడతానని ఇంట్లోవాళ్లు అంటారు. అననీండి. ఆ ఆదివారం జరిగింది చూసి కూడా గొప్పలు చెప్పుకోకపోతే నేనేం కూతుర్ని?

మా అమ్మ నగరిలో మగ్గం నేసిన మనిషి. పోగు తెగితే పక్కింటామెతో కబుర్లు చెబుతూనే, చూడకుండా వేళ్లతో ముడేసేది. అలాంటి మనిషికి పోయిన ఏడాది పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తిరుపతికి తెచ్చి నా దగ్గరే పెట్టుకున్నాను. కాలు తొందరగానే దారికి వచ్చింది. చెయ్యి రాలేదు. దాన్ని పైట కింద దాచుకుని తిరిగేది. ఇంటికి ఎవరైనా వస్తే ఎడమచేత్తో కాఫీ ఇవ్వాల్సి వస్తుందని వంటింట్లోంచి బయటికే వచ్చేది కాదు.

రబ్బరు బంతి పిసకమని డాక్టరు చెప్పాడు. “నేనేమన్నా సంటిబిడ్డనా, బంతితో ఆడేదానికి?” అని దాన్ని మంచం కిందికి విసిరేసింది. అదీ ఎడమచేత్తోనే. చెయ్యి బాగైతే అలిపిరి నుంచి తిరుమల దాకా ప్రతి మెట్టుకూ అదే చేత్తో పసుపు కుంకుమ పెడతానని మాత్రం స్వామికి మొక్కుకుంది. మొక్కు ఘనంగానే ఉంది, వేళ్లే కదలడం లేదు. ఇక ఆ చెయ్యి రాదేమోనని నాకు లోలోపల భయం. ఆ మాట ఆమెకు చెప్పే ధైర్యం నాకెక్కడిది?

నడిస్తే మంచిదన్నారని ఆ ఆదివారం పొద్దున్నే ఊరి చివర కొండవాలులో ఉన్న పార్కుకు ఆటోలో తీసుకెళ్లాను. చెట్ల మధ్య కాలిబాట, కూర్చోవడానికి బెంచీలు, పైన ఊరంతా కనిపించే అరుగు, అక్కడికి రాతిమెట్లు. మొదటి మెట్టు దగ్గర మా అమ్మ ఆగి చెప్పులు విడిచింది.

“ఏందమ్మా ఇది? పార్కులో చెప్పులెందుకు విడిచేది?”

“కొండ ఎవురిదిమే? ఆ సామిదే గదా. ఆడుండే కొండా ఈడుండే కొండా ఒకటే.”

సంచిలో చెయ్యి పెడితే మంచినీళ్ల సీసా తీస్తుందనుకున్నాను. పసుపు పొట్లం, కుంకుమ పొట్లం తీసింది! నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున నడవడానికి వచ్చేవాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు.

“అలిపిరిలో తప్పు జేస్తే సామికి కోపమొస్తాది. ఈడ నేర్సుకునేసి ఆడికి పోతా,” అంది. దేవుడికి కూడా రిహార్సల్ చేసే మనిషిని నేను ఈవిడనే చూశాను.

ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని పొట్లం దగ్గరికి తెచ్చింది. వేలు పసుపులో మునిగింది గానీ మెట్టు దాకా రాకముందే సగం చీర మీద రాలిపోయింది. రాయి మీద పడింది బొట్టు కాదు, గీత. రెండో మెట్టు మీద అదీ లేదు. “నేను పెడతాను, ఇటియ్యి” అన్నాను విసుగ్గా.

“నాకు ఆకలైతే నువ్వు తింటే సరిపోతాదా? గమ్మునుండు.”

గమ్మునే ఉన్నాను. వేరే దారేముంది? మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అనలేదు. ఒక్కో మెట్టుకూ వంగడం, ఆయాసపడడం, నన్ను పట్టుకుని లేవడం. చూసేవాళ్లను చూడనిచ్చి నేను ఆమె వేళ్లనే చూశాను. సగం దూరం ఎక్కేసరికి ఎడమచెయ్యి సాయం మానేసింది. బొటనవేలూ పక్కవేలూ కలిసి కుంకుమను చిటికెతో పట్టుకున్నాయి. నెలల తరబడి డాక్టరు చెయ్యమని బతిమాలింది ఇదే! అరుగు కింద ఆఖరి మెట్టు మీద గుండ్రంగా, నిండుగా, ముత్తయిదువ నుదుటిమీద ఉన్నట్టు పడింది బొట్టు. నేను పదో తరగతి పాసైనప్పుడు మా అమ్మ వీధంతా చక్కెర పంచింది. ఆ రోజు నా దగ్గర చక్కెర లేదు గానీ, ఉంటే పార్కంతా పంచేదాన్ని.

అంతలో బంగారుపాళ్యం నుంచి వచ్చామంటూ ఒక కుటుంబం రొప్పుతూ పైకి వచ్చింది. అందరివీ ఉత్తకాళ్లే. పెద్దాయన గోవింద కొట్టి, అటూ ఇటూ వెతికి, “గుడి యాడుండాదమ్మా?” అని నన్నడిగాడు. కిందికి చూస్తే మొదటి మెట్టు దగ్గర చెప్పుల గుట్ట. బొట్లు చూసినవాళ్లు చూసినట్టే చెప్పులు విడిచి, మెట్లు కళ్లకద్దుకుంటూ ఎక్కుతున్నారు.

వాళ్ల వెనకే కాపలా అతను వచ్చాడు. “ఎవురు జేసినారీ పని? ఇది పార్కు, గుడి గాదు! ఎవురు పెట్టినారీ బొట్లన్నీ?”

నేనే పెట్టానని చెప్పేద్దామని నోరు తెరిచాను. పెద్దావిడ, నలుగురిలో మాట పడడం ఎందుకు? నా నోట మాట రాకముందే మా అమ్మ నన్ను పక్కకు జరిపి చెయ్యెత్తింది. కుడిచెయ్యి. ఇన్నాళ్లూ పైట కింద దాచుకున్నదే తలకంటే పైకి లేచింది, వేళ్ల నిండా కుంకుమతో.

“నేనేనప్పా! ఈ చేత్తోనే పెట్టినా!”

తప్పు ఒప్పుకున్నట్టు లేదు ఆ గొంతు. అతను ఆ చేతి వంకా మెట్ల వంకా చూశాడు. “సరేమ్మా, దిగేటప్పుడు తుడిచేసి పోండి,” అన్నాడు.

“దానికేం భాగ్యం? తుడిచేదానికి గూడా ఇదే వస్తాది.”

చేతిగుడ్డ తడిపి ఇచ్చాను. పై మెట్టు నుంచి మొదలుపెట్టి, కుడిచేత్తోనే, ఒక్కో మెట్టూ తుడుచుకుంటూ దిగింది. సాయం చెయ్యడానికి నేను వంగలేదు. ఎక్కేవాళ్లు ఆగి, ఎవరీమె అన్నట్టు నా వంక చూశారు.

“మా అమ్మ,” అన్నాను, ఎవరూ అడక్కముందే, ఒక్కొక్కరితో.