గీతల డాక్టరు

పాత వీడియో గేముల డిస్కులు కొని అమ్మే ఆయన్ని వీధంతా గీతల డాక్టరు అంటుంది. డిస్కును ట్యూబులైటు కింద వంచి, నీళ్లలో వెన్నెలను చూసినట్టు చూస్తాడు. గీతపడ్డచోట మెత్తటి గుడ్డతో రుద్ది దాన్ని బతికిస్తాడు.

కొత్తరకం డిస్కులు ఒకరి ఖాతాలో చేరితే ఇంకెవరికీ తెరుచుకోవని విన్నాడు కానీ నమ్మలేదు. ఇవాళ పక్క కొట్టు దర్జీ తన కూతురు ఆడేసిన అలాంటి డిస్కొకటి అమ్మడానికి తెచ్చాడు.

"ఒక్క గీత లేదు బావా, అద్దమే!" అని డాక్టరు మురిసిపోతూ దాన్ని గేము మిషన్లో పెట్టాడు.

'ఈ ఆట వేరొకరిది' అంది తెర.

"మా పిల్లదేనయ్యా! అదే అమ్మెయ్యమంది."

"నాకెందుకు, ఆ తెరకి చెప్పు."

"అన్న చొక్కా తమ్ముడు తొడిగితే బొత్తాలు పడబోమన్నట్టుందే దీని యవ్వారం!" దర్జీ పకపకా నవ్వాడు.

డాక్టరుకు నవ్వు రాలేదు. ఇకపై వచ్చేవన్నీ ఇలాంటివే అయితే కొట్టు మూసుకోవడమే. డిస్కు తీసి గుడ్డతో రుద్దసాగాడు.

"గీతే లేదుగా, ఏం రుద్దుతున్నావ్?" అంది గల్లా దగ్గర కూర్చున్న భార్య.

డిస్కును మళ్లీ మిషన్లో పెట్టాడు. తెర అదే మాట అంది. ఆయన మళ్లీ గుడ్డ అందుకున్నాడు.