పెట్టెలో లేని మోత

నేను చేసిన స్పీకరు పెట్టెలో తప్పుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఉరవకొండలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. షట్టర్ దించి ఊరికి చేరాక నా లోకం వేరు. ప్లైవుడ్ కోసి, జిగురు పెట్టి, వైర్లు అతికించి ఇంట్లోనే స్పీకర్లు చేస్తాను. పదిహేనేళ్లుగా ఇదే పిచ్చి. ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ అడ్డం రాలేదు.

పోయిన వేసవిలో ధైర్యం చేసి, బరువైన అడుగు మోతలు పలికే పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్‌కు దిగాను. మందపాటి ప్లైవుడ్, లోపల పాత పరుపు దూది, గాలి బయటికి రావడానికి ఎండిపోయిన బోరులోంచి లాగిన పైపు ముక్క. సబ్‌వూఫర్‌కు ఆ పైపు పొడవే ప్రాణం. వారం రోజులు దాన్ని కోయడం, బిగించి వినడం, మళ్లీ కోయడం. చివరికి కుదిరింది. ఆదివారం పొద్దున అమ్మనీ, నా భార్యనీ, ఎనిమిదేళ్ల పాపనీ కూర్చోబెట్టి డప్పుల మోత వినిపించాను. పాప ఎగిరి గంతేసింది. అమ్మ మాత్రం, "బాగుండాది గానీ రవ్వంత తగ్గించు నాయనా" అంది. ముసలి చెవులు కదా అని తగ్గించాను.

అందరూ లేచి వెళ్లాక అసలు పరీక్ష మొదలుపెట్టాను. దానికి ఫోన్‌లో ఒక యాప్ ఉంది. అడుగు నుంచి ఒక్కో హెర్ట్జ్ పెంచుకుంటూ శబ్దం పలికిస్తుంది. ముప్ఫై బాగుంది, నలభై బాగుంది. నలభై రెండు దగ్గరికి రాగానే ఎక్కడో జుయ్యిమని మోగింది, డబ్బాలో కందిరీగ ఇరుక్కున్నట్టు. నలభై మూడుకు పోతే లేదు. మళ్లీ నలభై రెండుకు వస్తే ఉంది.

స్పీకర్లు చేసేవాడికి ఈ మోత కన్నా అవమానం లేదు. ఎక్కడో అతుకు వదిలిందని అర్థం. పెట్టె మళ్లీ విప్పాను. జిగురులో రంపపు పొట్టు కలిపి అతుకులన్నీ మెత్తాను. మరలన్నీ బిగించాను. రెండు రోజులు ఆరబెట్టి మళ్లీ పెడితే అదే జుయ్యిమని. మూడుసార్లు విప్పాను, మూడుసార్లు మూశాను. షాపులో మోటార్ల మీద కూడా మనసు నిలవలేదు. ఇంట్లో అన్నం దగ్గర కూడా చిరచిరలాడాను. "ఏమప్పా, దయ్యం పట్టిందా నీకు?" అని నా భార్య అడిగేదాకా వచ్చింది.

విసుగొచ్చి పెట్టెను వాకిట్లోకి మోసుకుపోయాను. నలభై రెండు పెట్టాను. చప్పుడు నిండుగా, శుభ్రంగా వచ్చింది. మోత లేదు. మళ్లీ నడింట్లోకి తెచ్చి మూలన పెట్టాను. జుయ్యిమంది. అంటే తప్పు నా పెట్టెది కాదు, ఇంట్లోనే ఏదో వస్తువు అదురుతోంది. నిజం చెబుతున్నాను, ఆ క్షణం నాకు పట్టరాని సంతోషం వేసింది.

ఫోన్‌ను నలభై రెండు దగ్గరే ఆపి వేట మొదలుపెట్టాను. అద్దం తీశాను, క్యాలెండర్ తీశాను, అటక మీద గిన్నెలన్నీ దించాను, ట్రంకు పెట్టె బయటికి ఈడ్చాను. మోత పోలేదు. అమ్మ ఆ నడింట్లోనే తన మంచం మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది, నా వైపు చూడటం లేదు. తలెత్తి చూశాను. ఆమె మంచానికి సరిగ్గా పైన దూలం ఉంది. నాయన మిద్దె కట్టినప్పుడు వేసిన దూలం. ఏటా ఉగాదికి దానికి నీలం రంగు పూస్తాం కాబట్టి నిగనిగలాడుతూ ఉంటుంది. స్టూలు వేసుకుని ఎక్కి దాని మీద వేలు పెట్టాను. అదురుతోంది. ఇంకొంచెం నొక్కాను.

వేలు లోపలికి పోయింది.

రెండో కణుపు దాకా పోయింది. చెక్క తగల్లేదు. వేలు తీస్తే ఆ కన్నంలోంచి పొడి జారి నా మోచేతి మీదుగా అమ్మ ఒళ్లో చెనిక్కాయల మీద పడింది. రెండు అరచేతులూ పైకెత్తి దూలాన్ని పట్టుకున్నాను. నేను పట్టుకుంటే ఆగే బరువా అది? ఆ బుద్ధి అప్పుడు లేదు. కింద పెట్టె ఇంకా మోగుతూనే ఉంది, నా చేతుల్లో దూలం అదురుతూనే ఉంది. "ఫోను ఆపండి, ఎవరన్నా ఫోను ఆపండి" అంటూ అరిచాను. నా భార్య పరిగెత్తుకొచ్చి ఆపింది. అమ్మ మాత్రం నిదానంగా, "దిగు నాయనా, పడతావు" అంది. చెనిక్కాయలు ఒక్కటీ వదలకుండా చేటలోకి ఎత్తుకుని గానీ బయటికి కదల్లేదు.

గంటలో వడ్రంగాయన వచ్చాడు. ఉలి వెనక భాగంతో దూలాన్ని రెండుచోట్ల కొట్టి, నా ముఖం చూశాడు. "దూలం యాడుండాదప్పా ఈడ? లోపలంతా చెదలు తినేసినాయి. ఇది ఉత్త రంగు."

గుంజలు నిలబెట్టి, మిద్దె మీద బరువు దించడానికి నలుగురం ఎక్కాం. బండల మీద చౌడు పోసి ఉంటుంది. నీళ్లు దిగకుండా ఆపే మన్ను అది. వానలకు ముందు ఏటా కొత్త చౌడు పోయడం మా వైపు ఇళ్లన్నిట్లో ఆనవాయితీ. వాన పడే ఊళ్లలో పాతది కొట్టుకుపోతుంది, దాని మీద కొత్తది పోస్తారు. మా ఊళ్లో వాన ఏది? పాతది పోలేదు, మేం పోయడం మానలేదు. ఎంత ఉందో చూద్దామని ఏ ఒక్క ఏడాదీ ఎవరికీ తోచలేదు. గడ్డపార దించితే చౌడు మోకాటి లోతు ఉంది. నాయన పోసినదానికన్నా నేను పోసిందే ఎక్కువ. ఆ బరువంతా ఇన్నాళ్లూ రంగు పూసిన ఒక డొల్ల మీద, దాని కింద మా అమ్మ. చౌడు మీదే కూర్చుండిపోయాను.

సాయంత్రం అమ్మ వాకిట్లో కూర్చుని ఉంటే పక్కన చేరాను. దేవుడు కాపాడాడమ్మా, ఈ పెట్టె చేయకపోయి ఉంటే తెలిసేదే కాదు అన్నాను.

"నాకు తెలుసు" అంది అమ్మ.

ఏం తెలుసమ్మా అన్నాను.

"పోయినేడు ఉగాదికి ముందు నుంచీ తెలుసు. పొద్దున లేస్తే దుప్పటి మీద పొడి. ఎవరూ లేనప్పుడు చెవి పెడితే లోపల కరకర. నీకు చెప్పినా గదప్పా, పైనుంచి రాలతాండాదని."

చెప్పింది. నిజమే, చెప్పింది. నేను చౌడు పలచబడిందేమో అనుకున్నాను. ఆ వారమే మిద్దెక్కి నాలుగు గంపలు ఎక్కువ పోశాను.

"మళ్లీ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఇంగో నాలుగు గంపలు పోస్తావు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోపం కూడా వచ్చింది. కనీసం మంచమన్నా పక్కకు జరుపుకోవచ్చు కదా, తెలిసి తెలిసి అక్కడే ఎందుకు పడుకున్నావని గట్టిగానే అడిగాను.

ఆమె నా వైపు తిరగలేదు. వాకిట్లో ఆడుకుంటున్న పాపను చూస్తూ చెప్పింది.

"నేను జరిగితే ఆ జాగాలో అది పండుకుంటాది. ఇంట్లో గాలొచ్చేది ఆడొక్కచోటే. ఎంత చెప్పినా వినదు."

ఏడాదికి పైగా మా అమ్మ ఆ జాగా ఖాళీ కాకుండా చూసుకుంటూ దూలం కింద పడుకుంది. అప్పుడంతా నేను పక్క గదిలో ప్లైవుడ్ కోస్తున్నాను.